కెతుపోంగ్ వేడి కూత

మా నాన్న జెలియన్ పిట్టల మాట తెలిసినవాడు. ఒకే కప్పు కింద వరసగా కట్టిన మా పొడుగింట్లోని ఇరవై రెండు గుమ్మాలవాళ్లూ అడవి కొట్టాలన్నా, పడవ ఎక్కాలన్నా ముందు ఆయన ముఖం చూసేవాళ్లు. ఆయన మాత్రం కెతుపోంగ్‌కి భయపడేవాడు. అది బొటనవేలంత వడ్రంగిపిట్ట. తోక ఉండీ లేనట్టు ఉంటుంది, ఒళ్లంతా పండిన పోకకాయ రంగు. పిట్టల దేవుడికి పెద్దల్లుడు. ఆగి ఆగి పలికితే మంచిదే. ఒక్క ఊపిరిలో గలగలా అరిచిందంటే అది వేడి కూత. బయల్దేరినవాళ్లు వెనక్కి తిరిగి మూడు రోజులు ఇల్లు కదలకూడదు.

నాకు రెండేళ్లప్పుడు, కాన్పు కష్టమైన అమ్మని పడవలో తీసుకెళ్తుంటే ఆ కూత వినబడింది. నాన్న పడవ తిప్పాడు. మూడో రోజుకి అమ్మ లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే నదిలో నేను పడవలో పడుకుని ఉన్నాను. నొప్పులు మొదలై రెండు రోజులు. బిడ్డ అడ్డం తిరిగింది. కపిత్ పట్నంలోని ఆసుపత్రికి ఒక పగలు ప్రయాణం. ముందు మా మేనమామ న్యాందాంగ్ గెడ వేస్తున్నాడు, వెనక నాన్న. రేవు దాటి వెదురు గుబురు కిందికి వచ్చామో లేదో, ఎడమ పక్కనుంచి గలగలా కూత.

మామ గెడ నీళ్లలోనే ఆగిపోయింది.

"అల్లుడు అలిగాడు బావా. తిప్పు."

నాన్న గెడ అడుగున ఆనించి పడవని నిలబెట్టాడు.

"తిప్పకు నాన్నా," అన్నాను.

"నువ్వూరుకో పిల్లా! తిప్పకపోతే అందరం పోతాం," అన్నాడు మామ.

పిట్ట మళ్లీ అరిచింది. నాన్న పడవని వెదుళ్ల వైపు తోసి, మొలలోతు నీళ్లలోకి దిగాడు. వేడి కూత విన్నాక ఆ పిట్టని వెతుక్కుంటూ వెళ్లడం మాలో ఎవరూ చేయని పని.

"ఎక్కడికయ్యా, అల్లుడిగారికి మర్యాదలు చెయ్యడానికా?" మామ గొంతు కీచుగా వచ్చింది.

"అడిగొస్తా, కోపం ఎవరిమీదో."

వెదురు మీద వేలితో టకటకా కొట్టాడు. చిన్న తొర్రలోంచి పిట్ట దూసుకొచ్చి, ఆయన తల చుట్టూ అదే కూత కూస్తూ తిరిగింది. ఆయన వెదురుకి చెవి ఆనించాడు. నేను లుంగీ అంచు పళ్లమధ్య బిగబట్టాను.

"లోపల పిల్లలున్నాయిరా," అన్నాడు. "సన్నగా ఏడుస్తున్నాయి. నీ గెడ వెదురుకి తగిలింది. అది మనకేమీ చెప్పట్లేదు, మనల్ని చూసి బెదిరిపోతోంది."

"ఖాయమేనా?"

"ఖాయం కాదు. గెడ వెయ్యి."

కపిత్‌లో కడుపు కోసి బిడ్డని తీశారు. ఇద్దరం బతికాం. తిరిగొచ్చేటప్పుడు నాన్న వెదుళ్ల దగ్గర పడవ ఆపాడు. తల్లిపిట్ట చీమగుడ్లు నోట కరుచుకుని తొర్ర దగ్గర వాలింది. మమ్మల్ని చూసి గలగలా అరిచింది.

"మీ అమ్మని తీసుకెళ్లిందీ ఈ నెల్లోనే," అన్నాడు. "ఈ వెదుళ్ల కిందే. అప్పుడు దిగి చూళ్లేదు."

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. పిట్టల సంగతి ఎవరడిగినా "న్యాందాంగ్‌ని అడగండి" అనేవాడు. పోయిన నెల ఆయన్ని పడవలో శ్మశానానికి తీసుకెళ్తుంటే, వెదుళ్ల దగ్గరికి రాగానే మామ ఎవరూ చెప్పకుండానే గెడ పైకెత్తి పట్టుకున్నాడు, దేనికీ తగలకుండా.