యారాడ బొమ్మలో నేనెక్కడ?

బొమ్మ వేయించుకోవడమంటే ఫొటో తీయించుకోవడమేననుకున్న తెలివైనవాణ్ణి నేను. ఆ తెలివికి రుజువు మా హాల్లో గోడకి ఇప్పటికీ వేలాడుతోంది. తుడుస్తుంటే, అప్పటి తడి రంగులో చిక్కుకున్న ఇసక రేణువులు వేలికి తగులుతాయి.

ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసే మా మావయ్య, సెలవు దొరికితే చాలు, రంగులపెట్టె పట్టుకుని ఆరుబయట పడేవాడు. ఓ వేసవి ఉదయం మమ్మల్ని యారాడ తీసుకెళ్ళాడు. కొండ దిగుతుంటే కొబ్బరితోటల సందుల్లోంచి ముక్కలుముక్కలుగా సముద్రం, రేవులోకి పిలుపు కోసం లంగరేసుకుని నిలబడ్డ ఓడలు, అమ్మ ఒళ్ళోని పులిహోర గిన్నెలోంచి ఇంగువ ఘుమఘుమ. దిగీ దిగగానే అన్నయ్య కెరటాల్లోకి ఉరికాడు, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అమ్మ వాడి వెనకాల, ముంజలు ఒలుస్తూ ఒడ్డునుంచే కేకలేస్తూ నాన్న.

నేను మాత్రం పౌడరద్దుకుని, చేతులు తొడలకానించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

“అలా బిగుసుకుపోనావేటిరా అల్లుడా? ఎల్లి ఆడుకో!” అన్నాడు మావయ్య.

“నాను కదిల్తే మొకం సెడిపోద్ది మావయ్యా.”

“మొకాలెవులు గీత్తన్నార్రా? నాను ఎండని గీత్తన్నాను.”

ఎండనెలా గీస్తారో చూద్దామని, బొమ్మ పూర్తయి మావయ్య దాన్ని సముద్రంవైపు తిప్పగానే పరుగెత్తాను. దగ్గర్నుంచి చూస్తే అన్నీ మరకలే. వెనక్కి నడిస్తే అమ్మ తేలింది, తెల్లచీర మడతల్లో వంకాయరంగు నీడతో. ఇంకా నడిస్తే నురగలో అన్నయ్య. మోకాళ్ళదాకా నీళ్ళొచ్చినా నేను తేలలేదు. నేను నిలబడ్డచోట నిటారుగా ఓ గోధుమరంగు గీత.

“ఆ గుంజేటి మావయ్యా, పడవ కట్టుకోడానికా?” అన్నాడు అన్నయ్య. ఆ పూటనుంచి ఇంట్లో అందరికీ నేను గుంజనే. అన్నయ్య నా పేరు అలా గుంజేసుకున్నాడు.

అదీ సహించాను. ఒక్కటే అంతుపట్టేది కాదు. ఆ బొమ్మలో అమ్మకి కళ్ళు లేవు, ముక్కు లేదు; అయినా తను చూసేది అన్నయ్యనేనని నాకెలా తెలుస్తోంది? నన్ను కూడా చూస్తోందేమోనని ఎన్ని మూలలనుంచి వెతికానో.

ఇప్పుడు అమ్మ లేదు, నాన్న లేడు, మావయ్యా లేడు. సాక్ష్యం చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. మొన్న అన్నయ్య మనవరాలు బొమ్మలో ఎవరెవరని అడిగితే, కెరటాల్లో పిల్లవాణ్ణి చూపించాను.

“ఇది నానే తల్లీ. మాయమ్మ నాకేసే సూత్తంది. ఒడ్డునున్న గుంజ మీ తాత.”

“ఒరేయ్, అది నాన్రా!” అని లేచాడు అన్నయ్య.

“అయితే మొకమేదీ, సూపించు!” అన్నాను.