మైలపోలుకు ముందే మేకప్

ఆ రోజుల్లో నాకు పూర్తిగా వచ్చిన పని ఒక్కటే, భయపడటం. మిగిలినవన్నీ సగం సగమే వచ్చేవి. కుక్కంటే భయం, కొత్త మనిషంటే భయం, ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఏమైందోనని ఇంకా భయం. ఈ పిల్ల తన నీడకే పక్కకు జరిగి దారిస్తుందని మా అమ్మీ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. అలాంటి నన్ను కామారెడ్డిలో ఒక బ్యూటీపార్లర్‌లో పనికి పెట్టారు. దాన్ని నడిపే ఆమెకు అక్కడ పనిచేసే అమ్మాయిలం చాటుగా పెట్టుకున్న పేరు ‘ఏంగాదక్క’. కరెంటు పోయినా, కస్టమర్ కనుబొమ్మ సగం ఎగిరిపోయినా ఆమె నోట వచ్చే మాట ‘ఏం గాదు’ ఒక్కటే. పొద్దున షాపు తెరవగానే మమ్మల్ని వరసగా అద్దం ముందు నిలబెట్టి నవ్వమనేది. మంచిగా అనుకుని పని మొదలుపెడితే రోజంతా మంచిగానే గడుస్తుందని ఆమె గట్టి నమ్మకం. నేనూ నవ్వేదాన్ని. (అద్దంలో ఆ నవ్వు చూసి నాకే భయమేసేది.)

ఒకసారి పెళ్లిళ్ల కాలంలో ఒకే రోజు రెండు పెళ్లిళ్లు తగిలాయి. కామారెడ్డి పెళ్లికి తాను వెళ్తానని చెప్పి అక్క, ఎల్లారెడ్డి పెళ్లికి నన్ను ఒంటరిగా వెళ్లమంది. నాకు రాదని, చేతులు వణుకుతాయని, కావాలంటే ఒక నెల జీతం వదిలేస్తానని బతిమాలాను. అక్క మేకప్ పెట్టె నా చేతిలో పెట్టి, “రాదు రాదు అనుకుంటే చెయ్యి గూడ అట్లనే అనుకుంటది. వస్తది అనుకో. ఏం గాదు, పో” అంది. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకుని మంచి ఆలోచనలే చేద్దామని గట్టిగా ప్రయత్నించాను. పెళ్లికూతురు అందంగా ఉన్నట్టు ఊహించుకుంటే, ఆ వెంటనే క్రీము పడక ఆమె ముఖం వాచినట్టు, పెళ్లికొడుకు చూసి వెనక్కి తిరిగినట్టు అదే కనిపించేది. లింగంపేట దాటేసరికి ఆ పెళ్లి నా ఊహలో రెండుసార్లు ఆగిపోయింది.

ఆలస్యమవుతుందేమోనన్న భయంతో మరీ ముందుగా చేరాను. వచ్చిన ప్రతి అత్తా, ప్రతి పిన్నీ గదిలోకి తొంగిచూసి పోతుంటే తట్టుకోలేక తలుపు గడియ పెట్టేశాను. పెళ్లికూతురుకు నా వయసే ఉంటుంది. నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోంది. పసుపు కార్యక్రమం అయిపోయిందా అని అడిగితే తలూపింది. మా ముస్లింల ఇళ్లలో పెళ్లికి ముందే హల్దీ అయిపోతుంది, ఆ తర్వాత ఇక అలంకరణే. అందుకే వెంటనే మొదలుపెట్టాను. పెట్టెలో ఉన్న క్రీములన్నీ దాదాపు ఊడ్చి, జడ వేసి, పూలు కుట్టి, కాటుక దిద్ది చూసుకుంటే నిజంగానే బాగా కుదిరింది. అక్క చెప్పింది నిజమే కాబోలు, మంచి అనుకుంటే మంచే జరుగుతుంది కాబోలు అని మురిసిపోయాను. ఆ మురిపెం తలుపు తట్టేదాకా ఉంది.

తలుపు తీస్తే పెళ్లికూతురి మేనత్త. పిల్లను చూసి గడపలోనే నిలబడిపోయి, గొంతు పెంచకుండానే, “నీళ్లు కాగినయి. మైలపోలు గాకముందే గిదంత ఎవలు చెయ్యమన్నరు బిడ్డా?” అంది. మైలపోలంటే పెళ్లిపీటలెక్కే ముందు ముగ్గు మధ్యలో కూర్చోబెట్టి, నలుగు పెట్టి, తల మీదుగా బిందెలతో నీళ్లు పోసే స్నానమట. ముందురోజు పసుపు వేరు, ఇది వేరు. అది లేకుండా పెళ్లే లేదట. మరి నువ్వైనా చెప్పలేదేమని అడిగితే, ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నానని పెళ్లికూతురు గొణిగింది. అందరూ కలిసి ఆమెను తీసుకెళ్లారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. మొదటి బిందెకు పూలు పోయాయి, రెండో బిందెకు ముఖం పోయింది. అప్పుడే దూరంగా మగపెళ్లివారి బ్యాండు వినిపించింది. ఒక ఆడపిల్ల పెళ్లిని చేజేతులా పాడుచేశాననుకున్నాను.

అక్కకు ఫోన్ చేశాను. ‘ఏం గాదు’ అంటుందని, అంటే ఏడుద్దామని సిద్ధంగా ఉన్నాను. అక్క అనలేదు. ఎవరికీ వినపడనట్టు మెల్లగా చెప్పింది. “నేను గూడ ఈడ బాత్రూంల తలుపేసుకొని ఉన్న. పెండ్లంటె నాకు ఇప్పటికి భయమే. భయమైతది గనుకనే గా మాట అంట. లేకుంటె చెయ్యి లేవది. నువ్వు గూడ అని చూడు.”

తడిజుట్టుతో వచ్చి కూర్చున్న పెళ్లికూతురు, “అక్కా, లగ్గం దాటిపోతదా?” అని అడిగింది. ఏం గాదన్నాను. నాకే నమ్మకం లేని ఆ మాటను ఆమె నమ్మి, కళ్లు మూసుకుని ముఖం నాకు అప్పగించింది. అట్లా అప్పగించాక వణకడానికి నా చేతికే మొహమాటమేసింది. క్రీములు లేవు, టైమూ లేదు. కాస్త పౌడరు, కాటుక, బొట్టు, తడి ఆరీ ఆరని జడ, మేనత్త కొప్పులోంచి తీసిచ్చిన పూలు. అంతే. లగ్నం దాటలేదు. పీటల మీదికి వెళ్తున్న పిల్ల గడ్డం పట్టుకుని వాళ్ల అవ్వ, “ఇందాకటి పిల్ల ఎవలో అనుకున్న. గిప్పుడు మా పిల్ల లెక్క ఉన్నది” అంది. నేను గోడకు ఆనుకుని హాయిగా ఏడ్చాను.

ఇప్పుడు ఎల్లారెడ్డిలో నాకూ ఒక చిన్న పార్లర్ ఉంది. మేడంకు భయమంటే తెలియదని మా అమ్మాయిలు కస్టమర్లకు గొప్పగా చెబుతుంటారు. పెళ్లి ఉన్న పొద్దున నాకు ఇప్పటికీ టిఫిన్ గొంతు దిగదు. రోజా ఉపవాసం ఉన్నాననుకుని మా అమ్మాయిలు పాపం పక్కకు వెళ్లి తింటారు. నేనూ కాదనను. వాళ్లు కడుపునిండా తిని పెట్టెలు పట్టుకుని ధైర్యంగా బస్సెక్కితే, అప్పుడు మెల్లగా ఒక కప్పు చాయ్ తాగుతాను.