రెండో పక్క మూడో పాట

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు చెవుల్లో ఏదో పెట్టుకుని పాటలు వింటారు. ఒకరోజు వాళ్లలో ఒకామె నన్ను మీకు బాగా నచ్చిన ఆల్బమ్ ఏది మేడమ్ అని అడిగింది. నచ్చడం అన్నది రెండోది ఉన్నప్పుడు వచ్చే మాట. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఆల్బమ్. అన్నంలోకి పప్పు నచ్చిందా అని ఎవరైనా అడుగుతారా? ఉన్నది తింటాం. ఆ మాట ఆమెకు చెప్పకుండా నవ్వి నా డబ్బా విప్పాను.

అప్పుడు మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. మా నాన్న, మేము బాపు అంటాం, మస్కట్‌లో పని చేసేవాడు. ఒకసారి సెలవు మీద వస్తూ టేప్ రికార్డర్ తెచ్చాడు. రైలు దిగి కామారెడ్డి బజారులో ఒక క్యాసెట్ కొన్నాడు. మా వైపు ఆడవాళ్లు పొలాల్లో, బతుకమ్మ దగ్గర పాడే పాటలే అందులో ఉన్నాయి. పక్కకు అయిదు చొప్పున మొత్తం పది. పెద్ద వాయిద్యాలు లేవు, ఒక డప్పు, ఒక ఆడగొంతు, అంతే. పైనున్న అట్ట మొదటి నెలలోనే ఎక్కడో పోయింది కాబట్టి ఆ పాడినావిడ పేరు మాకు తెలియదు.

మా తల్లిని మేము అవ్వ అని పిలుస్తాం. అవ్వ బీడీలు చుట్టేది. అక్క బడి నుంచి రాగానే తనూ చాట ముందు కూర్చునేది. పని లెక్క క్యాసెట్ మీదే నడిచేది. ఒక పక్క పాడి అయిపోయే లోపల అవ్వ చేతి కింద రెండు కట్టలు తయారు కావాలి. కట్టకు ఇరవై అయిదు బీడీలు. మొదటి పాట అయ్యేసరికి ఆకు కత్తిరించడం అయిపోవాలి, మూడో పాటకు ఒక కట్ట దాటాలి. నేను చిన్నదాన్ని, నా చేతికి చాట ఇవ్వలేదు. పక్క తిప్పడం నా ఉద్యోగం. మా వాడలో చాలా ఇళ్లలో రేడియో పెట్టుకుని పని చేసేవారు కానీ క్యాసెట్‌ను పట్టుకుని పనిని కొలిచింది మా అవ్వ ఒక్కతే అనుకుంటాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక తప్పు చేశాను. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లలో ఉత్తరాలు రాయడం తక్కువ, మాటలే క్యాసెట్‌లో నింపి, పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. కొత్త క్యాసెట్ ఎందుకని పాత పాటల క్యాసెట్ మీదే నింపేవారు. కొన్న పాటల క్యాసెట్ వీపు మీద రెండు చిన్న గుంటలుంటాయి, వాటిని మూస్తే తప్ప కొత్త మాట ఎక్కదు. అందరూ దూది కుక్కేవారు. నేను బీడీలు చుట్టే తునికాకు ముక్క మడిచి కుక్కాను. దారం ఉండ చిక్కు చేశానని ఆ రోజు పొద్దున అక్క నలుగురి ముందు నన్ను చెంప మీద కొట్టింది. ఆ సంగతి బాపుకు చెప్పాలి. తలుపు వెనక కూర్చుని ఎర్ర మీట నొక్కి, కోపం ఉన్నంతసేపు చెప్పాను. అక్క దొంగ అని, అద్దం ముందు గంటలు గంటలు నిలబడుతుందని, బాపు తెస్తానన్న సంచి దానికి తేవద్దని చెప్పాను. చెప్పడం అయిపోయాక చూస్తే రెండో పక్క మూడో పాట మొత్తం పోయింది.

అవ్వ కట్టలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయిన సమయంలో అక్క టేప్ పెట్టింది. నా ఫిర్యాదు మొదటి నుంచి చివరి దాకా విన్నది. రెండో చెంప కూడా పగులుతుందని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అది కొట్టలేదు.

“అవ్వకు చెప్పకు. నేను పాడుత,” అన్నది.

టేప్ వెనక్కి తిప్పి, ఎర్ర మీట నొక్కి, చాట బోర్లించి దాని మీద చేత్తో దరువు వేస్తూ ఆ పాట పాడింది. దానికి అప్పుడు పదమూడేళ్లు. నడుమ ఒకచోట తంబాకు ఘాటుకు దగ్గింది. దగ్గి, ఆగకుండా అక్కడి నుంచే అందుకుంది. మళ్లీ మొదటి నుంచి పాడదామనుకునే లోపల వాకిట్లో అవ్వ చెప్పుల చప్పుడైంది. దానితో ఆ దగ్గు అట్లాగే ఉండిపోయింది. నాలుగో పాట మొదటి మాట కూడా కాస్త తెగింది.

మరునాడు అవ్వ చాట ముందు కూర్చుంది. రెండో పక్క మూడో పాట వచ్చేసరికి మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం. డప్పు లేదు, ఆ ఆడగొంతు లేదు, మా అక్క పాడుతోంది. అవ్వ చెయ్యి ఆగలేదు. దగ్గు వచ్చినప్పుడు కూడా ఆగలేదు. పాట అయిపోయింది, నాలుగోది మొదలైంది, అవ్వ దారం అందుకుంది. ఆ రాత్రి దుప్పట్లో మేమిద్దరం అవ్వ చెవులు మందం అని నవ్వుకున్నాం. టేప్ రికార్డర్ చెడిపోయే దాకా మా ఇంట్లో ఆల్బమ్ అంటే అదే. అసలు పాట ఎట్లా ఉండేదో నేను పూర్తిగా మరిచిపోయాను.

అక్కకు ఎల్లారెడ్డిలోనే పెళ్లయింది. నేను చదువుకుని, ఉద్యోగం దొరికి, కామారెడ్డిలో స్థిరపడ్డాను. అక్కకు ఆలస్యంగా ఒక బిడ్డ పుట్టింది. ఆ బిడ్డకు ఏడాది నిండేసరికి అక్కకు గొంతులో జబ్బు వచ్చింది. డాక్టర్లు మొదట అడిగింది తంబాకు గురించే. పట్నంలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అక్క ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను చప్పట్లతో పిలిచేది. రెండు కొడితే రా అని, ఒకటి కొడితే చెయ్యకు అని. బడి వార్షికోత్సవంలో అందరూ చప్పట్లు కొడితే ఆ పిల్ల భయపడి ఏడ్చిందని అక్క నాకు కాగితం మీద రాసి చూపించి నవ్వింది. నవ్వుకు కూడా చప్పుడు లేదు.

ఈ వానాకాలంలో అక్క పోయింది. జబ్బు తిరగబెట్టింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు చాయ్ పోశాను, చాపలు పరిచాను, ఎవరెవరు తిన్నారో చూశాను. నన్ను చూసి చిన్నది రాయి లెక్క ఉన్నదని ఎవరో అంటే విన్నాను. అన్నవాళ్ల మీద కోపం కూడా రాలేదు. అరచేతికి మత్తు సూది ఇచ్చాక చెయ్యి మనదే అయినా మనది కానట్టు ఉంటుంది కదా, మనిషి మొత్తం అట్లా ఉన్నాను. అక్క బిడ్డ కూడా ఏడవలేదు. మా అవ్వ పక్కన కూర్చుని ఎవరేం చెప్తే అది చేసింది.

పదకొండో రోజు గిన్నెలు తోముతూ ఆ పిల్ల నన్ను అడిగింది.

“చిన్నమ్మా, అమ్మ గొంతు ఎట్లుండె?”

ఏం చెప్పాలి? సన్నగా ఉండేదంటే ఏం తెలుస్తుంది, తియ్యగా ఉండేదంటే ఏం తెలుస్తుంది? నా దగ్గర ఒక క్యాసెట్ ఉన్నదని, అందులో రెండో పక్క మూడో పాట అమ్మదని, వినిపిస్తానని చెప్పాను. అది ఎట్లా అందులోకి వచ్చిందో చెప్పలేదు. నలభై అయిదేళ్లు వచ్చినా ఆ తునికాకు ముక్క గురించి చెప్పడానికి నాకు నామోషీగానే ఉంది. ఆ పిల్ల చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని ఎప్పుడు తెస్తావని అడిగింది. పదిహేను రోజుల్లో అన్నాను.

క్యాసెట్ కామారెడ్డిలో మా ఇంట్లో, పెళ్లి చీరల కింద భద్రంగా ఉంది. టేపు మీద తెల్లగా బూజు పట్టింది. స్టేషన్ వైపు ఒక పాత దుకాణం ఉంది. ఒకప్పుడు క్యాసెట్లు అమ్మేవారు, రేడియోలు బాగు చేసేవారు, ఇప్పుడు ఫోన్లు బాగు చేస్తారు. ఆ దుకాణం నడిపే భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. క్యాసెట్‌ను వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి, కష్టమే కానీ చేస్తానన్నాడు. అప్పుడు నేను చెప్పవలసింది ఒకటి ఉంది. ఇందులో ఒక పాట మా అక్కది, అది ఒక్కటి వస్తే చాలు, మిగతావి పోయినా సరే అని చెప్పాలి. చెబితే ఎందుకు, ఎట్లా అని అడుగుతాడు. పాటలన్నీ రావాలి భాయ్, ఒక్కటి కూడా పోవద్దు అని మాత్రం చెప్పి వచ్చేశాను.

వారం రోజులు ఆఫీసుకు పోయాను, వచ్చాను, తిన్నాను, పడుకున్నాను. వారం తర్వాత దుకాణానికి పోతే భాయ్ నన్ను చూడగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. కంప్యూటర్‌లో పాటలు పెట్టాడు. మొదటి పక్క అంతా వచ్చింది. రెండో పక్క ఒకటి, రెండు వచ్చాయి. మూడో పాటకు డప్పు మోగింది. తర్వాత ఒక పెద్ద ఆడమనిషి గొంతు, ఎక్కడా గీత పడకుండా, నిండుగా వచ్చింది. నేను దగ్గు కోసం చూశాను. ఆ చోటు వచ్చింది, పోయింది. పాట అయిపోయింది. నాలుగో పాట మొదటి మాట కూడా పూర్తిగా ఉంది.

“గీ పాట ఖరాబైంది అక్కా,” అన్నాడు భాయ్. “ఎవరో చిన్నపోరి దాని మీద పాడింది. మొదటి పక్క ఎక్కించినంక టేపు గూడ అక్కడనే తెగింది. గా ముక్క తీసేసి అతికించిన. నా తాన గిదే ఆల్బమ్ ఉండె, గందులకెల్లి పాట తీసి వెట్టిన. ఒక్కటి గూడ పోలే చూడు.”

తీసేసిన ముక్క ఏది అని అడిగాను. ఊడ్చిన చెత్తలో పోయింది. చెత్త బండి రోజూ పొద్దునే వస్తుంది. అది పోయి నాలుగు రోజులైందట. ఆయన మొహంలో పని బాగా చేసినవాడి సంతోషం ఉంది. గిరాకీకి ఆల్బమ్ ఇస్తే నిండుగా ఇవ్వాలి, నడుమ ఖాళీ పెట్టి ఇస్తే దుకాణానికి ఇజ్జత్ ఉండదన్నది ఆయన చిన్నప్పుడు నేర్చుకున్న పని పద్ధతి. తిడదామంటే ఆయన చేసింది నేను చెప్పిందే. బాగా చేశావు భాయ్ అన్నాను. పాటలు నా ఫోన్‌లోకి ఎక్కించుకుని బయటికి వచ్చాను. ఎండలో నిలబడి ఇప్పుడు ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. ఆకలి మాత్రం వేసింది. పక్కన హోటల్లో ఇడ్లీ తిన్నాను.

ఆదివారం ఎల్లారెడ్డి బస్సెక్కాను. లింగంపేట దాకా ఒకటే ఆలోచన, ఆ పిల్లకు ఎట్లా చెప్పాలి అని. క్యాసెట్ చెడిపోయిందని చెప్పాలా, లేక మొత్తం మొదటి నుంచి నా ఫిర్యాదుతో సహా చెప్పాలా? మొత్తం చెప్పాలనే నిర్ణయించుకున్నాను. పోగానే చెప్పాలి, పాట పెట్టకముందే చెప్పాలి. లింగంపేట దాటాక మాటలు కూడా కూర్చుకున్నాను.

ఇంట్లో ఆ పిల్ల, అవ్వ ఇద్దరే ఉన్నారు. బాపు పోయినప్పటి నుంచి అవ్వ అక్క దగ్గరే ఉంటోంది. అవ్వ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను చెప్పులు విడిచే లోపలే ఆ పిల్ల ఫోన్ ఇవ్వమని చెయ్యి చాపింది. బిడ్డా ఒక్క మాట అన్నాను. ఫోన్ నా చేతిలో నుంచి అప్పటికే తీసుకుంది. వరుసలో రెండో పక్క మూడో పాట వెతుక్కుని నొక్కింది.

డప్పు మోగింది. ఆ ఆడమనిషి పాడింది. పిల్ల గడప మీద కూలబడి ఫోన్‌ను రెండు చేతులతో మొహం దగ్గర పట్టుకుంది. మంచం మీద అవ్వ ఇటు తిరిగింది. నిద్రపోవడం లేదు, కళ్లు తెరుచుకుని ఉన్నాయి. పాట ఉన్నంతసేపు ఆమె ఫోన్ వైపే చూసింది, అయిపోయాక నా వైపు చూసింది.

“అమ్మ గొంతు గింత మంచిగుండెనా?” అని పిల్ల నన్ను అడిగింది.

బస్సులో కూర్చుకున్న మాటల్లో మొదటిది అందుకోబోయాను.

“మంచిగనే ఉండె బిడ్డా,” అన్నది అవ్వ మంచం మీది నుంచి. “గా పాట మీ అమ్మదే.”

రెండో పక్క మూడో పాట అక్కదని అవ్వకు మేము ఎన్నడూ చెప్పలేదు. ఈ పిల్లకు చెప్పినప్పుడు కూడా అవ్వ అక్కడ లేదు, పిల్ల కూడా ఆమెకు చెప్పలేదట. ఆమె ఎవరినీ ఏమీ అడగకుండానే ఆ మాట అన్నది. అంటే చాట ముందు కూర్చున్న ఆ మొదటి రోజే తెలుసు. అన్ని సంవత్సరాలు రోజూ బిడ్డ పాట అని తెలిసే విన్నది. ఇప్పుడు కూడా బిడ్డ గొంతు వస్తుందనే ఇటు తిరిగింది. రాలేదని పాట అయిపోకముందే ఆమెకు అర్థమై ఉంటుంది.

పిల్ల ఏడ్చింది. తల్లి పోయిన రోజు ఏడవని పిల్ల గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పోయి పక్కన కూర్చున్నాను, వీపు మీద చెయ్యి వేశాను. నా కళ్లు పొడిగానే ఉన్నాయి. కాసేపటికి అది ముక్కు తుడుచుకుని పాటను తన ఫోన్‌లోకి పంపించుకుంది. పేరు రాసే చోట ‘అమ్మ’ అని రాసుకుంది. అది తప్పని చెప్పవలసిన మనుషులం ఇద్దరమూ అక్కడే ఉన్నాం. ఆ పిల్ల మళ్లీ పాట పెట్టింది, ఎవరో తెలియని ఆవిడ పాడుతుంటే మేమిద్దరం విన్నాం.