ఫోన్ల గొలుసులో డల్సీ

మా టిన్‌పాట్ లోయలో డల్సీ ట్రెజైజ్‌కి ఫోన్ చేసేవాళ్లు ఎవరైనా సరే ముందు పొయ్యి ఆర్పుతారు. వెటకారానికి అంటున్న మాట కాదు. ఒకసారి నేను బాణలిలో నూనె పెట్టి, అది కాగేలోపు ఆవిణ్ణి ఒక్క మాట అడుగుదామని ఫోన్ చేశాను. ఆదివారం చర్చికి నా కారులో వస్తావా, రావా అని. వచ్చేదీ రానిదీ తేలాలంటే ముందు మోకాలి సంగతి చెప్పాలంది. మోకాలి సంగతికి ముందు డాక్టరు సంగతి, డాక్టరు సంగతికి ముందు డాక్టరు పెళ్లాం పెంచే కుక్క సంగతి. ఈలోగా నూనె భగ్గుమని కర్టెన్ అంటుకుంది. "డల్సీ, నా వంటిల్లు కాలుతోందే!" అని అరిచాను. "అయ్యో, మా బావ ఇంట్లోనూ ఇంతే ఐవీ, అప్పుడేమైందంటే..." అని ఎత్తుకుంది. బాణలి మీద మూత పడేసి, కర్టెన్ పీకి తొక్కి ఆర్పుకున్నాను. ఫోను దగ్గరికి తిరిగొచ్చేసరికి బావ ఇల్లు ఇంకా కాలుతూనే ఉంది.

మనిషి చెడ్డది కాదు. ఊళ్లో పోస్టాఫీసు ఉన్నన్నాళ్లూ కౌంటరు వెనక కూర్చునేది, మాటలకి మనుషులే నడిచొచ్చేవారు. పోస్టాఫీసు మూసేశాక ఆవిడే మనుషుల దగ్గరికి ఫోన్లో వెళ్లడం మొదలుపెట్టింది. మొగుడు ఏనాడో పోయాడు. పిల్లల్లేరు. నోరొక్కటే ఉంది. దాన్ని ఎప్పుడూ తుప్పు పట్టనివ్వలేదు.

కానీ కార్చిచ్చుకి సిద్ధపడటంలో లోయ మొత్తం మీద ఆవిడ తర్వాతే ఎవరైనా. మాకు ఎండాకాలం మొదలయ్యేది నవంబరులో; అది రాగానే నిచ్చెన వేసుకుని ఇంటి చూరెక్కేది, మోకాలిని తిట్టుకుంటూ. చూరు చుట్టూ ఉన్న రేకు కాలువల్లోంచి నీలగిరి ఆకులన్నీ చేత్తో తోడేసేది. మంట వచ్చే రోజున నీళ్లు దిగే గొట్టాల మూతుల్లో టెన్నిస్ బంతులు కుక్కి, ఆ కాలువల నిండా నీళ్లు నింపాలి కదా, అందుకని టెన్నిస్ క్లబ్బుకి వెళ్లి పాత బంతులు అడిగింది. అడగడమంటే ఆవిడ అడగడమే. క్లబ్బు వాళ్లు ఒక గోనెసంచి నిండా ఇచ్చి గేటు దాకా సాగనంపారు. గుమ్మం ముందు పీచు పట్టా లోపల పెట్టేది. కట్టెల కుప్ప ఇంటికి దూరంగా జరిపేది. గ్యాస్ సిలిండర్ మూతి ఇంటివైపు కాకుండా బయటికి తిప్పేది. నైలాను గుడ్డ అన్నది ఒంటి మీదకి రానిచ్చేది కాదు, నిప్పురవ్వ పడితే అంటుకుపోతుందని. ఉన్ని తొందరగా అంటుకోదు కాబట్టి, కాల్చే ఎండల్లో కూడా ఉన్ని స్వెటరు తలుపు వెనక సిద్ధంగా వేలాడేది. ఇందులో ప్రతి పనీ చేసేటప్పుడు ఒకసారి, చేశాక ఇంకోసారి మనకి ఫోన్లో వినపడేది.

ఇక క్లెమ్ హారిగన్. మా రోడ్డు ఒక్కటే, లోయ అడుగుకి వెళ్లి ఆగిపోతుంది. ఆ ఆగిపోయే చోటే క్లెమ్ ఇల్లు. ఆ తర్వాత కంగారూలే. డెబ్బై దాటిన మనిషి, భార్య పెర్ల్ పోయాక కుక్కతో ఒంటరిగా ఉండేవాడు. చూరులో మొక్కలు మొలిచేంత చెత్త. కట్టెలన్నీ వరండాలోనే, "చలికాలంలో చేతికి అందుతాయని." ఏమయ్యా ఇది అంటే, "నా దగ్గర పంపుంది" అనేవాడు. ఆ పంపుని పది బూతులు తిడితే గానీ స్టార్టయ్యేది కాదు.

"మంటొస్తే నేను కదలను. ఈ ఇల్లు నా చేతుల్తో కట్టా. పంపేసుకుని నిలబడతా."

ఇదీ అతని పాట. ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాళ్లున్నారని విన్నాం గానీ, ఈయన తవ్వను కూడా తవ్వడు, పార మాత్రం చేతిలో పట్టుకుని నిలబడతాడు. మంట కనపడ్డాక బయలుదేరితే మా రోడ్డు మీద ప్రాణాలు దక్కవు. ముందే వెళ్లాలి. అందరికీ తెలిసిన భయం ఒక్కటే: నిజంగా మంటొస్తే క్లెమ్ కదులుతాడా, కదలడా?

అందుకే ఫోన్ల గొలుసు పెట్టుకున్నాం. లోయలో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. మా వాలంటీరు ఫైరు దళానికి కెప్టెన్ డ్యారిల్, గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు, మాటలు తక్కువ మనిషి. మంట సంగతి తెలియగానే అతను నాకు చెప్పాలి, నేను డల్సీకి, డల్సీ క్లెమ్‌కి. మొదటిసారి ఉత్తుత్తిగా చేసి చూసినప్పుడు, చివర్లో క్లెమ్ తిరిగి డ్యారిల్‌కి ఫోన్ చేసి అందిందని చెప్పాలన్నది ఏర్పాటు. డ్యారిల్ హాల్లో ఫోను పక్కనే కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. కేకులు అయిపోయాయి. చివరికెప్పుడో ఫోను మోగింది.

"డల్సీ ఇప్పుడే పెట్టింది," అన్నాడు క్లెమ్. "ఎవరికో కవలలట. ఇంకేదో కూడా చెప్పింది."

"ఆ ఇంకేదో ఏంటి?"

"ఏమో. మంట గురించేమో."

మరుసటి మీటింగులో డ్యారిల్ లేచి, డల్సీని గొలుసులోంచి తప్పించి క్లెమ్‌కి ఐవీ చేత చేయిద్దాం అన్నాడు. డల్సీ మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్లు ఈ లోయకి కబుర్లు అందించింది నేను కాదూ? ఒక్క ఉత్తరం పోయిందా?" అంది. నాకే పాపమనిపించింది. అప్పుడు వెనక వరసలోంచి క్లెమ్ లేచాడు.

"ఆవిడే చెయ్యాలి. ఇంకెవరైనా చేస్తే నేను వినాల్సొస్తుంది."

హాలంతా ఘొల్లుమంది. డల్సీ మాత్రం దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకుని కూర్చుంది. డ్యారిల్ తల పట్టుకుని, "సరే తల్లీ, నువ్వే చెయ్యి. కానీ రెండే ముక్కలు. మంట, బయలుదేరు. పెట్టెయ్. నువ్వూ బయలుదేరు. అంతే," అన్నాడు. ఆ వేసవంతా డల్సీ నా మీద సాధన చేసింది. "మంట, బయలుదేరు, ఉన్నిది వేసుకో, నైలాను వద్దు, మా బావ ఒకసారి నైలాను చొక్కాతో..." ఒక్కసారైనా రెండు ముక్కల దగ్గర ఆగలేదు.

ఒక సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకనాడు గుడ్లు ఇద్దామని క్లెమ్ ఇంటికి వెళ్లాను. వంటింట్లో బల్ల మీద ఫోను రిసీవర్ వెల్లకిలా పడి ఉంది. అందులోంచి డల్సీ గొంతు సీసాలో పడ్డ జోరీగలా వినపడుతోంది. క్లెమ్ అవతలి మూల నిలబడి తీరిగ్గా బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. కాసేపటికి వచ్చి రిసీవర్ మీదికి వంగి "హూ" అన్నాడు. మళ్లీ వెళ్లి చెక్కాడు. ఇంకోసారి వచ్చి "పాపం" అన్నాడు. నన్ను చూసి, మాట్లాడకమ్మా అన్నట్టు పెదాల మీద వేలు పెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇక్కడ వినేవాడే లేడు. నవ్వాపుకోలేక గుడ్లు అక్కడే పెట్టి బయటికొచ్చేశాను.

ఫిబ్రవరిలో ఆ రోజు రానే వచ్చింది. ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు గాలి కొలిమి తిత్తిలా కొడుతోంది. పక్షులు కొమ్మల మీద నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. మధ్యాహ్నం భోజనమయ్యాక డ్యారిల్ ఫోన్ చేశాడు. "మంట కొండగట్టు దాటింది ఐవీ. గొలుసు నడుపు."

నేను డల్సీకి చేశాను. "మంట. గట్టు దాటింది. క్లెమ్‌కి చెప్పి బయలుదేరు."

"చెప్తా," అంది డల్సీ. టక్కుమంది ఫోను.

చేతిలో రిసీవర్ వంక చూస్తూ నిలబడిపోయాను. ఆవిడ నాకంటే ముందు ఫోను పెట్టడం నా జన్మలో అదే మొదలు. పొగ చూసి రాని భయం అప్పుడొచ్చింది. పిల్లి బుట్ట పట్టుకుని కారెక్కేశాను.

పట్నంలో ఫుట్‌బాల్ మైదానంలో అందరం పోగయ్యాం. క్రీడాకారుల గదిలో టీ కాస్తున్నారు, ఎవరో రొట్టెలకి వెన్న రాస్తున్నారు. డల్సీ ఆ ఎండలో ఉన్ని స్వెటరుతో చెమటలు కక్కుతూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఐవీ, చేసేశానే! రెండే రెండు ముక్కలు! మంట, బయలుదేరు అన్నా, టపీమని పెట్టేశా! క్లెమ్ 'హలో' తర్వాత ఇంకో మాట అనేలోపే!"

'హలో' అనగానే క్లెమ్ ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆవిడ ఆ రెండు ముక్కలూ చెప్పేసరికి రిసీవర్ బల్ల మీద ఉంటుంది. ఎప్పట్లా వాగి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు "హూ" అనడానికి వచ్చి మంట మాట చెవిన వేసుకునేవాడు. నేర్చుకుని నేర్చుకుని, సరిగ్గా చెప్పకూడని రోజున సరిగ్గా చెప్పింది.

ఆ మాట ఆవిడతో ఎలా అనను? రేడియో పట్టుకున్న ఫైరు దళం అమ్మాయి దగ్గరికి వెళ్లి క్లెమ్ సంగతి చెప్పాను. రోడ్డు మీద చెట్టు పడింది, లోపలికి ఎవరూ వెళ్లలేరంది. డల్సీ గేటు వైపే చూస్తోంది. కార్లు వస్తున్నాయి. ఏదీ క్లెమ్‌ది కాదు.

"విన్నాడు కదా ఐవీ? స్పష్టంగానే చెప్పానుగా?"

"వినే ఉంటాడు," అన్నాను. నా జీవితంలో అంత కష్టపడి అబద్ధం ఆడలేదు.

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. టీ ఇస్తే తాగలేదు. డల్సీ నోరు మూసుకుని కూర్చుంటే మైదానంలో సగం మంది ఆవిడకేదో జబ్బు చేసిందని వచ్చి పలకరించారు. ఎంతసేపైందో తెలియదు గానీ, గేటులోంచి బూడిద కొట్టుకున్న ట్రక్కు ఒకటి వచ్చింది. ముందు సీట్లో కుక్క. పక్కన క్లెమ్. పడిన చెట్టుని చుట్టి ఎవరి పొలంలోంచో కంచె తెంపుకుని వచ్చాడట. బండి దిగాడు. ఒక చేతిలో టీ కెటిల్ ఉంది. అది ఎందుకు తెచ్చాడో అతనికీ తెలియదు.

డల్సీ ఎగిరి గంతేసింది. మోకాలు గుర్తొచ్చినట్టు లేదు. "చూశారా, కదిలాడు! రెండు ముక్కలు చెప్పా, కదిలాడు!"

"ఏం చెప్పావు?" అన్నాడు క్లెమ్.

"ఏం చెప్పడమేంటి? మంట, బయలుదేరు అని!"

"అలాగా. నేను వినలేదు."

"వినకుండా ఎలా వచ్చావు?"

క్లెమ్ నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "ఎప్పట్లా ఫోను బల్ల మీద పెట్టి టీ పెట్టుకుందామని వెళ్లా. 'హూ' అందామని వెనక్కొస్తే ఫోను కూ అని కూస్తోంది. నిమిషం తిరక్కుండా పెట్టేశావు. నువ్వు! డల్సీ ఫోను పెట్టేసిందంటే ప్రపంచం మునిగిపోతోందన్నమాటే. కుక్కని ఎక్కించుకుని వచ్చేశా."

"ఎప్పట్లా బల్ల మీద?" అంది డల్సీ మెల్లిగా. "అంటే ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ."

"నా మోకాలు? బెరిల్ కవలలు? ఆపరేషన్ ముందు రోజు నేను నీతో ఏడ్చాను కదా, అది?"

క్లెమ్ తల దించుకున్నాడు. డల్సీ చేతిసంచితో అతని భుజం మీద ఒక్కటిచ్చింది, ఇంకోటిచ్చింది. మూడోది ఎత్తేసరికి మొహమంతా మసితో డ్యారిల్ వచ్చాడు. మాటలు తక్కువ మనిషి కదా, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"డల్సీ, నీ ఇల్లు నిలబడింది. చూరు మీద నిప్పులు పడ్డాయి గానీ, కాలడానికి వాటికేం దొరకలేదు. క్లెమ్, నీది పోయిందయ్యా. పొగగొట్టం ఒక్కటే ఉంది."

"పంపు?"

"కరిగిపోయింది."

క్లెమ్ కెటిల్ పక్కన పెట్టి గడ్డిలో కూలబడ్డాడు. అక్కడ నిలబడి ఉంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది. డల్సీ మోకాలు పట్టుకుని అతని పక్కనే నేల మీద కూర్చుంది. కోపం ఇంకా దిగలేదు, కళ్లు మాత్రం తుడుచుకుంటోంది.

"విననివాడివి రోజూ ఫోను ఎందుకు ఎత్తావయ్యా? మోగి మోగి అదే ఆగేదిగా?"

క్లెమ్ కుక్క చెవులు నిమురుతూ కూర్చున్నాడు. "పెర్ల్ పోయాక వంటింట్లో చప్పుడన్నది లేకుండా పోయింది డల్సీ. నువ్వా బల్ల మీద మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. ఏమంటున్నావో నాకక్కర్లేదు. ఇవాళ ఆ గొంతు ఆగిపోయింది. మంటకి కాదు, దానికే నాకు భయమేసింది."

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. బస్సు నడిపి బతికినదాన్ని, మైదానం మధ్యలో ఏడిస్తే ఏం బాగుంటుంది.

డల్సీ ముక్కు చీదుకుంది. "మా వెనక గది ఖాళీగానే ఉంది. ఇల్లు మళ్లీ కట్టుకునే దాకా అక్కడుండు. నువ్వు ఫోను ఎత్తే పని కూడా ఉండదు."

క్లెమ్ ఆలోచనలో పడ్డాడు. ఇల్లు కాలిందంటే కూడా అంతసేపు ఆలోచించలేదు. అందరం అతని నోటి వంకే చూస్తున్నాం.

"ఆ గదికి తలుపుందా?" అన్నాడు చివరికి.

"ఉంది. వేసుకో," అంది డల్సీ. "నా గొంతు తలుపు దాటి వస్తుందిలే."

క్లెమ్ లేచి ఆవిడకి చెయ్యందించాడు.