సున్నా కొట్టేసి గీత

నాకు ఓపిక తక్కువ. పక్షుల లెక్కకు ఓపిక తప్ప ఇంకో అర్హత అక్కర్లేదు. అలాంటి నన్ను పట్టుకుని ఏడేళ్లపాటు లెక్కకు తిప్పిన మనిషి, ఉప్పల్‌లో మా వెనక వీధి పెద్దాయన. ఏఎస్ రావు నగర్ దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. నేను అన్నా అనేవాణ్ణి, వయసుకు నాన్న కావాల్సినవారు.

నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక చెరువుంది. ఏటా చలికాలంలో ఒక పొద్దున దాని చుట్టూ ఐదు చోట్ల పావుగంట చొప్పున నిలబడి, కనిపించిన పక్షులను లాంగ్ నోట్‌బుక్‌లో రాసేవాళ్లం. ఎవరూ అడిగింది కాదు, ఆయన ఇష్టం. కానీ ఆయన పద్ధతి మాత్రం గట్టిది. పావుగంట చూసినా ఒక్కటీ కనబడకపోతే సున్నా రాయాలి. అసలు ఆ చోటికి పోలేకపోతే గీత పెట్టాలి.

"లేవనుడు వేరు, సూడలే అనుడు వేరు తమ్మీ. సున్నా పెట్టాలంటే కాళ్లు నొయ్యాలె," అనేవారు.

ఇది నాకు చెప్పాల్సిన ముక్క కాదు. నా ఉద్యోగమే మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్. పరీక్ష చేయకుండా రీడింగు రాసినందుకు మా సెక్షన్‌లో ఒకతన్ని నేనే నలుగురిలో నిలబెట్టి కడిగేశాను.

మూడేళ్ల కిందటి చలికాలానికి ఆయన కళ్లలో నీటికాసులు ముదిరాయి. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. లెక్కకు ముందు రోజు నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు.

"ఐదో చోట సూదితోకలుంటయ్ సూడు. అవి ఉన్నయంటే ఆదివారం ఆటో మాట్లాడుకొని వస్త. ఒక్కసారి కండ్లార సూడాలె. లేకుంటే మాత్రం ఊకెనే నన్ను ఆ బురదల దింపకు. కింద పడ్డనంటే మీ వదిన ఇద్దర్నీ తిడ్తది."

సూదితోకలంటే చలికి ఉత్తరం నుంచి వచ్చే బాతులు. తోక సన్నగా, సూదిలాగే ఉంటుంది. ఏటా ఆ చివరి మూలలోనే, ఒక ఫ్యాక్టరీ గోడ కింద జమ్ములోనే దిగేవి. మిగతా పక్షులన్నీ ఆయనకు లెక్క, సూదితోకలు మాత్రం చుట్టాలు.

తెల్లారేసరికి ముసురు పట్టింది. తుఫాను గాలి. మొదటి చోట గొడుగు తిరగబడింది. రెండో చోట నీటికాకులు, నాలుగు కొంగలు. మూడో చోట బైనాక్యులర్స్ అద్దాల మీద నీళ్లు తుడవడంతోనే పావుగంట అయిపోయింది. నాలుగో చోట ఎడమకాలి బూటు బురదలో ఉండిపోయి, కాలు ఒక్కటే బయటికొచ్చింది. వానను తిట్టాను, చెరువును తిట్టాను, ఇంట్లో వెచ్చగా కూర్చున్న పెద్దాయన్ని కూడా తిట్టుకున్నాను. ఐదో చోటు ఇంకా అర కిలోమీటరుంది. ఈ వానలో బాతులేం ఉంటాయి అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అన్నీ వాన మీదికి నెట్టి వెనక్కి తిరిగాను.

నాచారం చౌరస్తాలో మిర్చి బజ్జీలు తింటూ నోట్‌బుక్ తీశాను. గీత పెడితే ఎందుకు పోలేదని అడుగుతారు. మళ్లీ పొమ్మంటారు. ఐదో చోటు ఎదుట సున్నా రాశాను.

ఫోన్ చేస్తే ఆయన మొదటి మాటే, "మూలకు పోయినవా?"

"పోయిన అన్నా. లేవు."

"సరే తియ్. ఆటో వద్దని చెప్త," అన్నారు.

నిజం చెప్పడానికి ఇంకా టైముందనే అనుకున్నాను. ఎండ రాగానే ఆ మూలకు వెళ్లి చూసి వస్తానని, ఉంటే ఇప్పుడే దిగాయని చెప్తానని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆఫీసులో ఇన్‌స్పెక్షన్ వచ్చింది, తర్వాత నాకు జ్వరం. వెళ్లేసరికి ఫిబ్రవరి చివరికొచ్చింది. నీళ్ల మీద ఏమీ లేదు. గోడ అవతలి ఫ్యాక్టరీ వాచ్‌మన్ నన్ను చూసి పలకరించాడు.

"బాతులకా సారు? ముసురు పట్టిన పొద్దుగాల నుంచి గీడనే ఉండె. తోక సూది లెక్క. మొన్ననే లేసి పోయినయ్."

బండి దగ్గరికి నడిచి చాలాసేపు కూర్చున్నాను. చెప్పడానికి ఇక మిగిలింది నా తప్పు ఒక్కటే. అది చెప్పలేకపోయాను.

మరుసటి చలికాలానికి ఆయనకు వెలుతురు, నీడ తప్ప ఏమీ తెలియడం లేదు. ఆ ఏడూ, ఆపైనా నేను ఐదు చోట్లా నిలబడ్డాను. సూదితోకలు వచ్చాయి, రాశాను, చదివి వినిపించాను. ఎన్ని ఉన్నాయో చెప్పగానే ఆయన ముఖం విచ్చుకునేది. అది చూస్తే నాకు ఇంకా బాధగా ఉండేది.

ఈ జనవరిలో పాత లెక్కలన్నీ మొదటి నుంచి చదవమన్నారు. ఆ ముసురు పట్టిన ఏడాది వచ్చింది. సున్నా అని చదివాను.

"గా ఒక్క యేడే రాలే. నా కండ్లు ఉన్న ఆఖరి యేడు. నసీబు," అన్నారు.

ఇక దాచలేకపోయాను. బూటు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అంతా చెప్పేశాను. తిడతారని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్ని ఉండెనంట?" అని మాత్రం అడిగారు.

"తెల్వదన్నా. నేను సూడలే."

వదిన లోపల పోపు వేస్తోంది. ఆయన తల కాస్త అటు తిప్పి, మళ్లీ నావైపు తిప్పారు.

"అయితే గదే రాయి. సున్నా కొట్టేసి గీత పెట్టు."

పెన్ను తీసి సున్నా కొట్టేసి, పక్కన గీత పెట్టాను.

"పెట్టినవా?"

"పెట్టిన అన్నా."

ఆయన చేయి చాపి పేజీ మీద వేళ్లు ఆనించారు. వేళ్లకు ఏమీ తెలియదని ఇద్దరికీ తెలుసు. సరే తియ్ అని, ఈసారి కూడా నా మాటే నమ్మారు.