పిడి దాకానా, పొట్ట దాకానా

పోయినవి ఇవీ: నా పై పన్ను ఒకటి, నేల తుడిచే వైపర్లు రెండు, అయిదు లీటర్ల కుక్కర్ పిడి, మామూ ఎడమ కనుబొమ్మలో సగం, నా గళ్ల లుంగీ, గది మొత్తానికి ఉన్న ఒక్క కిటికీ ఏసీ. మనిషి మాత్రం పోలేదు. అది అదృష్టమే తప్ప మా ప్రయత్నంలో లోపం లేదు.

గల్ఫ్‌లో కంపెనీ ఇచ్చిన అల్ మవాలే రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం. ఏసీ ముందు మంచం అతను వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికెళ్లిపోయాడు. జూన్ నెల. మిగతా మంచాల దాకా వచ్చేసరికి ఆ చల్లగాలి ఆవిరైపోయేది. ఆ మంచం నాకు కావాలి. కడప డ్రైవర్‌కీ కావాలి. ఆయన్నే అందరం మామూ అంటాం. వారం రోజులు మాటలతో కొట్టుకున్నాం.

మూడోవాడు జగిత్యాల టైల్స్ మేస్త్రీ. శుక్రవారం పొద్దున ఫోన్ తెచ్చి మా ముందు పెట్టాడు. మంచు మీద ఒకడు పిడి ఉన్న గుండ్రటి రాయిని జార్చి వదులుతున్నాడు. ఇద్దరు దాని ముందు చీపుళ్లతో నేలను పిచ్చెక్కినట్టు రుద్దుతున్నారు. వలయం మధ్యకి ఎవరి రాయి దగ్గరైతే వాళ్లదే గెలుపు. ఆట పేరు కర్లింగ్.

"ఏందప్పా, ఇంత పెద్దోళ్లు ఇల్లు కడగతా ఉండారు?" అన్నాడు మామూ.

"కడిగితే మెడల్ ఇస్తరు మామూ. మనం శుక్రవారం శుక్రవారం ఉత్తగనే కడుగుతున్నం. చీటీలేస్తే మళ్ల లొల్లి. గీ ఆటతోని తేల్చుకోండ్రి," అన్నాడు మేస్త్రీ.

శుక్రవారం మంచాలన్నీ వరండాలో పెట్టి సబ్బు నీళ్లతో రూమ్ కడగడం మా పద్ధతి. అందుకని నేల సిద్ధంగా ఉంది. ఎవరి కుక్కర్‌లో వాళ్లు నీళ్లు నింపి మూత బిగించాం. మేస్త్రీ మార్కర్‌తో వలయం గీశాడు. తుడిచేవాళ్లు లేరు కనక వదిలినవాడే లేచి, పరిగెత్తి, వైపర్‌తో ముందు తుడవాలి.

నా కుక్కర్ వలయంలోనే ఆగింది. మామూది గిర్రున తిరిగి దాని పక్కన ఆగింది. సైట్‌లో టైల్స్ లెక్క నాదే, టేపు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. కొలిచాను. రెండు వేళ్ల తేడాతో నాదే దగ్గర.

"నా పిడి చూడప్పా, సరిగ్గా మధ్యలో ఉండాది," అన్నాడు మామూ.

"పిడి లెక్కలోకి రాదు మామూ. పొట్ట దాకానే కొలవాలి."

"నీ ముక్కు కోసి పక్కన పెట్టి మూతి కొలిస్తే ఒప్పుకుంటావా?"

వీడియోలో రాళ్లకి పిడి నెత్తి మీద ఉంది. మా కుక్కర్లకి పక్కన ఉంది. ఆ సంగతి మాకు ముందు తట్టలేదు.

గొడవంతా పిడి వల్లే కదా అని దాన్ని మడమతో తొక్కాను. విరిగింది. ఆ వెంటనే మామూ వైపర్ నా మూతి మీద పడి విరిగింది. పన్ను సబ్బు నురగలో కొట్టుకుపోయింది. నేను తిరిగి కొట్టాను, ఆయన కనుబొమ్మ చిట్లింది. కొట్టినప్పుడల్లా ఇద్దరం జారి పడ్డాం, లేచి మళ్లీ కొట్టుకున్నాం. నురగ ఎర్రబడింది. మామూ నా లుంగీ లాగి మెడకి చుట్టి బిగించాడు, అది చిరిగింది. "సావగొట్టుకుంటర్రా!" అంటూ అడ్డొచ్చిన మేస్త్రీ వీపు మీద నా వైపర్ విరిగింది. అప్పుడు మామూ నీళ్లతో నిండిన కుక్కర్ ఎత్తి విసిరాడు. నేను జారి పడటం వల్ల అది నా తల మీదుగా వెళ్లి ఏసీలో దిగింది. టప్పుమని మంట లేచి ఆరింది. తరవాత వేడి మొదలైంది.

కంపెనీ ఈసారి స్ప్లిట్ ఏసీ పెట్టింది, అవతలి గోడకి. గాలి నేరుగా మేస్త్రీ మంచం మీదికి వస్తుంది. ఆయన దుప్పటి కప్పుకుని పడుకుంటాడు.

మామూ నన్ను ఆరు కొట్టాడు. నేను అయిదు కొట్టాను, అందులో ఒకటి మేస్త్రీకి తగిలింది, మామూకి చేరినవి నాలుగే. తగల్లేదు కనక కుక్కర్‌ని లెక్కలో వేయలేదు. శుక్రవారం వైపర్ నా చేతికి రాగానే మామూ చెంప చూపించి, "నా బాకీ ఎప్పుడు తీరుస్తావప్పా?" అంటాడు. నేను నేల తుడుస్తూ ఉంటాను. ఈ రోజుకీ ఆయనకి రెండు దెబ్బలు బాకీ.