తలుపులన్నీ మూసి దులిపిన గోతాలు

మొన్న మంగళవారం మా ఆవిడ రత్తమ్మని దుమ్ము నుంచి కాపాడబోయి ఆస్పత్రిలో చేర్పించాను. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

మా ఇల్లు గురజాల పోయే రోడ్డు పక్కన. ఇటు సున్నపు బట్టీలు, అటు రాళ్ల క్వారీ, మధ్యలో మేము. ఒక్క లారీ పోయిందంటే వాకిట్లో మందారచెట్టు వెల్ల వేసినట్టు తెల్లబడుతుంది. రత్తమ్మకి రెండేళ్లుగా ఆయాసం. బిందె ఎత్తడం మానేసింది, ఇప్పుడు చెంబు ఎత్తినా కూర్చుంటోంది. నరసరావుపేట డాక్టరు ఎక్స్‌రే చూసి తేల్చి చెప్పాడు.

"కంటికి కనపడే దుమ్ము చానావరకు ముక్కులోనే ఆగుద్ది పెద్దాయనా. కనపడని సన్నదే ఊపిరితిత్తుల్లోకి పోయి కూర్చుంటది. పాడైంది మళ్లీ బాగవదు. మిగిలిందైనా నిలవాలంటే ఆమెని దుమ్ములో ఉంచొద్దు."

ఉంచొద్దంటే ఎక్కడ ఉంచాలి? ఉన్నది ఒక్క ఇల్లు. పంచాయతీలో చెబితే కాగితం రాసిమ్మన్నారు. నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసిచ్చాను. తీసుకున్నారు. లారీలు తిరుగుతూనే ఉన్నాయి.

సరే, ఇక నేనే చూసుకుంటానని పట్టుబట్టాను. గోతాలు తడిపి కిటికీలకి వేలాడదీస్తే దుమ్మంతా వాటికే అంటుకుంటుంది కదా!

మా కోడలు సుజాత, "మామయ్యా, గాలి శుభ్రం చేసే మిషన్లు వచ్చినయ్. ఫోన్లో ఆర్డర్ పెడదాం," అంది.

"అటక మీద గోతాలుండగా మిషన్లెందుకు తల్లీ?" అన్నాను.

దించాను. తడిపే ముందు దులపాలి. బయట దులుపుదామంటే లారీల వరస. దులిపిన గోతం మీద మళ్లీ సున్నం పడితే ఏం లాభం? అందుకని, చూడండి నా తెలివి, తలుపులు మూశాను. కిటికీలు మూశాను. తలుపు కింద సందులో తడిగుడ్డ కుక్కాను. ఫ్యాను ఫుల్లు పెట్టాను. రత్తమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది. గోతాన్ని రెండు చేతులా పట్టుకుని ఫెళ్లుఫెళ్లున దులిపాను.

అవి మిరపకాయల గోతాలు.

ఇన్నేళ్లు మిరప పండించావు, ఆ మాత్రం తెలీదా అంటారు. ఇన్నేళ్లు పండించబట్టే తెలీలేదు! ఆ ఘాటు నా ముక్కుకి ఎప్పుడో చచ్చిపోయింది. మూడో గోతం దాకా నాకు తుమ్మైనా రాలేదు. ఈలోపు వంటింట్లోంచి సుజాత, "అమ్మో, కళ్లు! కళ్లు!" అని కేకలు.

రత్తమ్మ మాత్రం అరవడం లేదు. అరవడానికి ఊపిరి లేదు. నోరు తెరిచి, మంచం పట్టె పట్టుకుని, నా వంకే చూస్తోంది. పెదాలు నల్లబడ్డాయి. పరిగెత్తి తలుపు లాగితే, నేను కుక్కిన గుడ్డే అడ్డంపడి రాదు!

పక్కింటి మస్తాను బయటనుంచి తలుపు తన్నాడు. "ఏంది పెదనాన్నా, ఇంట్లో కారం మిల్లు పెట్టావా?" అన్నవాడు, రత్తమ్మని చూసి ఒక్క ఉరుకున వెళ్లి ఆటో తీశాడు.

ఆస్పత్రిలో మాస్కు పెట్టి మందు పొగ పట్టారు. అదే డాక్టరు. "దుమ్ములో ఉంచొద్దన్నానుగా?"

"ఉంచలేదు సార్," అంది సుజాత, కళ్లు తుడుచుకుంటూ. "తలుపులన్నీ మూసి, లోపల మిరపకాయల గోతాలు దులిపారు."

డాక్టరు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి నా వంక తిరిగాడు. రత్తమ్మ మాస్కు పక్కకి జరిపింది. మాటకో ఊపిరి తీస్తూ, "గోతం మీద... ఇంత మిరపకాయ బొమ్మ ఉందిగదయ్యా... బొమ్మ చదవడానిక్కూడా... రాత్రి బడికి పోవాలా?" అంది.

మూడో రోజు ఇంటికి పంపారు. ఇంట్లోకి గాలి రానివ్వమన్నారు. ఏ గాలి? కిటికీ తెరిస్తే సున్నం, మూస్తే నేను.

మాస్కులు కొనిచ్చాను. లారీ వచ్చినప్పుడు రత్తమ్మ పెట్టుకోదు. అడిగితే, "రోజుకి ఎన్నిసార్లని పెట్టను? ఒకటి పోయేలోపు ఇంకోటి వస్తది," అంటుంది. పక్కన కూర్చుని, ఆమె ఛాతీలో పిల్లికూతలు వింటూ ఉంటాను.

నిన్న సాయంత్రం అలాగే అరుగు మీద కూర్చుని ఉన్నాం. వరసగా నాలుగు లారీలు పోయాయి. ఆమె కదల్లేదు.

"ఏమే, నాకింకో ఉపాయం తట్టింది," అన్నాను.

చప్పున మాస్కు పెట్టుకుంది.